తాతల పేర్లు, రేవు సుంకాలు

సోమాలియాను గూర్చి మన పత్రికలలో వార్త ఎప్పుడు పడినా దాని శీర్షిక ముందుగానే అచ్చుకు సిద్ధంగా ఉంటుంది: "తెగల పోరు". ఆ రెండు మాటలు చూడగానే చదువరి మనస్సు కుదుటపడుతుంది. ఎడారి, ఒంటెలు, తెగలు, తుపాకులు; ఇక అడగవలసిన ప్రశ్నే లేదు. వాళ్ళు అనాదిగా కొట్టుకుంటున్నారు, ఇప్పుడూ కొట్టుకుంటున్నారు, ఇక ముందూ కొట్టుకుంటారు. మన ఊళ్ళో కూలి తగాదా వచ్చిందంటే భూమి ఎవరి పేర ఉందని అడగడం నేర్చిన విద్యార్థి, వియత్నాం పేరెత్తితే గంటసేపు ఉపన్యసించగల అధ్యాపకుడు కూడా సోమాలియా దగ్గరకు వచ్చేసరికి ఆస్తిని గూర్చి అడగడం మరచిపోయి రక్తాన్ని గూర్చి మాట్లాడతారు.

"తెగల పోరు" అన్నది వివరణ కాదు. వివరించే శ్రమ నుంచి తప్పించుకుపోవడానికి వేసుకున్న దొడ్డిదారి. ఇదీ నా వాదం. దీనికి సాక్ష్యంగా ఒక్క పట్టణాన్ని తీసుకుంటాను. ఆ పట్టణం కిస్మాయో. సోమాలియాకు దక్షిణాన, జుబ్బా నది సముద్రంలో కలిసేచోటికి కొద్ది దూరంలో, హిందూ మహాసముద్రం ఒడ్డున ఉన్న రేవు. 1991 నుంచి ఇన్ని చేతులు మారిన పట్టణం ఆ దేశంలో మరొకటి కనబడటం కష్టం.

ముందు మాట సంగతి తేల్చుకోవాలి. "తెగ" అంటే మనకు స్ఫురించేది వేరే భాష, వేరే దేవుడు, వేరే ఆచారం గల జనం. కిస్మాయో కోసం ఒకరినొకరు చంపుకున్న సేనల భాష ఒక్కటే, మతం ఒక్కటే. వారి మాట "కబీల్". తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు అని వరసగా వెనక్కు లెక్కించుకుంటూ పోయే వంశ పరంపర అది. పిల్లలకు ఆ పేర్లు కంఠస్థం చేయిస్తారు. దాన్ని "వంశం" అంటే కొంత దగ్గరగా ఉంటుంది. మన కులంతో పోల్చి తృప్తిపడేవాళ్ళూ ఉన్నారు. అదీ పొరపాటే. రేవు కోసం తలపడిన ఈ పెద్ద వంశాల మధ్య ఎక్కువ తక్కువల నిచ్చెన లేదు, అంటరానితనం లేదు. ఆ నిచ్చెన వేరేచోట ఉంది. దాని సంగతి తరువాత వస్తుంది.

ఇక కిస్మాయో విషయం. పంతొమ్మిదవ శతాబ్దంలో జాంజిబార్ సుల్తాను అధికారం ఆ తీరం మీద నడిచింది. అప్పటికే అక్కడ బజూనీలు అనే బెస్తలు ఉన్నారు. ఈశాన్య తీరం నుంచి హార్తీ వంశపు వర్తకులు ఓడలలో వచ్చి స్థిరపడ్డారు. లోతట్టు మేతభూములలో ఒగాడెన్, మరేహాన్ పశుపాలకులు తిరిగేవారు. నది వెంట, తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి అడవి కొట్టి సేద్యం చేసుకుంటూ ఉండేది. 1895 నుంచి ఆ ప్రాంతం బ్రిటిషువారి తూర్పు ఆఫ్రికా వలసలో భాగమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తమ పక్షాన చేరినందుకు బహుమానంగా 1925లో బ్రిటిషువారు దాన్ని ఇటలీకి ఇచ్చివేశారు. మనుషులతో సహా ఒక రాజ్యం నుంచి మరొక రాజ్యానికి బదిలీ! ఆ మనుషులను ఎవరూ అడగలేదు. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. తరువాత ఆ రేవుకు పెద్ద ఓడలు నిలవగల లోతైన వార్ఫు అమరింది. పోట్లాటలో పణం ఆ వార్ఫే.

1991 జనవరిలో నియంత సియాద్ బర్రే రాజధాని మొగదీషూ విడిచి పారిపోయాడు. 1992 నాటికి కిస్మాయో ఒమర్ జెస్ చేతిలో ఉంది. అతడు ఒగాడెన్. అతడి వెనక ఉన్నవాడు హబర్ గిదిర్ సేనాని ఐదీద్. ఎదురు నిలిచినవాడు హార్తీలలోని మజర్తీన్ శాఖకు చెందిన మహమ్మద్ సయీద్ హెర్సీ. లోకం అతడిని "మోర్గాన్" అని పిలిచింది. 1992 డిసెంబరులో అమెరికన్ సైనికులు తీరంలో దిగబోతున్న రోజులలో జెస్ మనుషులు హార్తీలలో పేరున్నవాళ్ళను ఇంటింటికీ పోయి ఏరి చంపారు. 1993 ఫిబ్రవరిలో, పట్టణంలో అమెరికన్లు, బెల్జియన్లు కాపలా కాస్తూ ఉండగానే, మోర్గాన్ సేన లోపలికి వచ్చి జెస్‌ను తరిమివేసింది. 1999లో మోర్గాన్‌ను తరిమి మరేహాన్ సేనాని బర్రే హిరాలే పక్షం రేవును పట్టుకుంది. 2006 సెప్టెంబరులో ఇస్లామిక్ న్యాయస్థానాల కూటమి వచ్చింది. 2007 జనవరిలో ఇథియోపియా సేనల అండతో తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ ప్రభుత్వ సేనలోని మరేహాన్‌లు, మజర్తీన్‌లు పట్టణం కోసం తమలో తాము కాల్చుకున్నారు. 2008 ఆగస్టులో అల్ షబాబ్. 2012లో కెన్యా సేనలు, వాటితో కూడ అహ్మద్ మదోబే అనే ఒగాడెన్ నాయకుడి రాస్ కంబోని దళం.

తెగల పోరు అన్న పెద్దమనిషి ఈ జాబితా చూసి, "నేను చెప్పలేదా?" అంటాడు. ఆయన పాఠాన్నే ఆయనకు అప్పజెప్పి చూద్దాం. ఒగాడెన్, మరేహాన్, హార్తీ ముగ్గురూ ఎవరు? ముగ్గురూ దారోద్ అనే ఒకే మూలపురుషుడి సంతతిగా తమను లెక్కించుకునేవారే. రక్తమే మనుషులను కలిపేదైతే ఈ ముగ్గురూ ఒకవైపు ఉండాలి. లేరు. పోనీ, చిన్న వంశాలుగా తీసుకుందాం. జెస్ ఒగాడెన్ అయితే, అతడి ఎదుటి పక్షంలో నిలిచిన అదన్ గబ్యో కూడా ఒగాడెన్‌యే. మోర్గాన్ సంగతి మరీ విచిత్రం. 1978లో సియాద్ బర్రే మీద తిరుగుబాటు చేసి ఓడినవారిలో మజర్తీన్ అధికారులు ముఖ్యులు. ఆ కసితో బర్రే ప్రభుత్వం మజర్తీన్ పల్లెల మీద పడి వర్షపు నీరు నిలవచేసుకునే తొట్లను పగలగొట్టించింది. ఎడారిలో నీటి తొట్టి పగలగొట్టడం అంటే పశువునూ మనిషినీ కలిపి చంపడమే. ఆ బర్రేకు సాక్షాత్తూ అల్లుడు మోర్గాన్. ఆ అల్లుడే కిస్మాయోలో మజర్తీన్‌ల రక్షకుడుగా నిలబడ్డాడు!

1999 సంగతి ఇంకా స్పష్టం. మరేహాన్ అంటే సియాద్ బర్రే వంశం. అతడిని మొగదీషూ నుంచి వెళ్ళగొట్టిన సేనలో హబర్ గిదిర్లు ప్రధానులు. 1991లో ఈ రెండు పేర్ల మధ్య ప్రవహించిన రక్తం ఇంతా అంతా కాదు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి మరేహాన్‌లు, హబర్ గిదిర్లలోని ఐర్ శాఖవారు జతకట్టి కిస్మాయో రేవును పట్టుకున్నారు. ఈ అనాది వైరం ఎనిమిదేళ్ళలో ఎక్కడికి పోయింది? ఇక మదోబే ఒక్కడి జీవితం చాలు. 2006లో ఇస్లామిక్ న్యాయస్థానాల తరఫున ఆ పట్టణానికి గవర్నరు. 2007లో అమెరికన్ల విమాన దాడిలో గాయపడి, ఇథియోపియా చెరలో పడ్డాడు. 2012లో కెన్యా ఫిరంగుల వెనక నడచి మళ్ళీ అదే పట్టణంలోకి వచ్చాడు. ఇంతలో అతడి తాతల పేర్లు మారలేదు. మారింది చెలిమి.

వంశం మారకుండా చెలిమి మారుతుంటే, చెలిమిని నడిపించేది వంశం కాదని తర్కం తెలిసిన వారెవరైనా ఒప్పుకోవాలి. మరి నడిపించేది ఏది? ఈ ముప్ఫై ఏళ్ళలో ఎవరు వచ్చినా వదలకుండా పట్టుకున్నది ఒక్కటే: రేవు. రేవు చేతిలో ఉంటే సుంకం చేతిలో ఉంటుంది. సుంకం ఉంటే తుపాకీ కొనవచ్చు, తుపాకీ పట్టే నిరుద్యోగి కుర్రవాడికి పూట తిండీ, నమలడానికి ఖాత్ ఆకూ పెట్టవచ్చు. ఆ తుపాకీ రేవును కాపాడుతుంది.

ఆ వార్ఫు మీద దిగేది, ఎక్కేది ఏమిటో చూడండి. దిగేది విదేశీ పంచదార. అందులో పెద్ద భాగం సరిహద్దు దాటి దొంగచాటుగా కెన్యా బజార్లకు పోతుంది. ఎక్కేది బొగ్గు. జుబ్బా ప్రాంతపు తుమ్మ జాతి చెట్లను నరికి, కాల్చి, బస్తాలకెత్తి అరబ్బు దేశాలకు పంపేవారు. అక్కడ హుక్కా చిలుములకూ, మాంసం కాల్చే పొయ్యిలకూ ఆ బొగ్గు గిరాకీ. 2011లో ఐక్యరాజ్యసమితి పరిశీలకులు కట్టిన లెక్క ప్రకారం కిస్మాయో, మరి రెండు చిన్న రేవుల నుంచి అల్ షబాబ్‌కు ఏటా 3.5 కోట్ల నుంచి 5 కోట్ల డాలర్ల దాకా రాబడి వచ్చేది. 2012 ఫిబ్రవరిలో భద్రతా సమితి సోమాలియా బొగ్గు ఎగుమతిని నిషేధించింది. అదే ఏడు అల్ షబాబ్ పట్టణం వదిలిపోయేనాటికి అక్కడ గుట్టలు పోసి ఉన్న బొగ్గు సుమారు 40 లక్షల బస్తాలు. ధర్మరక్షణకు వచ్చిన కొత్త దొరలు ఆ బొగ్గును ఏం చేశారు? నిషేధం నిషేధంగానే ఉంది, ఓడలు ఓడలుగానే కదిలాయి. ఆ వ్యాపారంలో కెన్యా సైన్యం చెయ్యి ఉన్నదనీ, మదోబే దళం చెయ్యి ఉన్నదనీ, అల్ షబాబ్ వాటా కూడా పూర్తిగా తెగిపోలేదనీ ఆ పరిశీలకులే రాశారు. యుద్ధరంగంలో బద్ధశత్రువులు, బొగ్గు గుట్ట దగ్గర వాటాదారులు! దీన్ని "తెగల పోరు" అనడానికి ఏ నిఘంటువు ఒప్పుకుంటుంది?

ఆ నది ఒడ్డునే చెరకు పండేది. జిలిబ్ దగ్గర మరేరేలో 1980లో పంచదార కర్మాగారం మొదలైంది. అంతర్యుద్ధం దాన్ని శిథిలం చేసింది. పంచదార తయారు చేయగల లోయకు పంచదార దిగుమతి, నీడనిచ్చే చెట్లు బొగ్గుగా ఎగుమతి. ఉత్పత్తి చచ్చిపోయిన చోట దారి కాచి వసూలు చేయడమే పరిశ్రమ. ఆ వసూలుదారుల వర్గానికి వంశం పేరు ఒక జెండా.

ఇక్కడ నా మిత్రులలో కొందరు సంతోషించి, "అంతే గదా! అంతా సామ్రాజ్యవాదుల కుట్ర," అంటారు. నేను వారితోనూ తగవుపడక తప్పదు. సామ్రాజ్యవాదుల పాపం చిన్నది కాదు. గడులు గీసినవారు వారే. వంశ పెద్దలకు జీతాలిచ్చి, వారి ద్వారా పాలించి, పేరును పదవిగా మార్చినవారు వారే. చలియుద్ధంలో సియాద్ బర్రేకు మొదట ఒక శిబిరం, 1977 తరువాత ఇంకొక శిబిరం తుపాకులు మోసుకొచ్చి ఇచ్చాయి. కెన్యాకు తన ఈశాన్య రాష్ట్రంలోని సోమాలీలను గూర్చిన భయం 1963 నుంచీ ఉన్నది. సరిహద్దు కావల తనకు అనుకూలుడైన పాలకుడు ఉంటే దానికి నిద్ర పడుతుంది. ఇదంతా నిజమే. కాని బొగ్గు బస్తా మీద సుంకం తీసుకునే చెయ్యి పరాయివాడిది మాత్రమే కాదు. ఆ చేతికి దేశీయమైన ముఖం ఉంది, భవనాలు ఉన్నాయి. కుట్ర అనే మాట అన్నీ బయటివాళ్ళ మీదకు తోసి, లోపలి దోపిడీదారును అమాయకుడిని చేస్తుంది. అభ్యుదయవాదికి ఇది కూడా దొడ్డిదారే.

ఇంతకంటె చేదైన మాట ఒకటి చెప్పాలి. మనలో సియాద్ బర్రేను ఇప్పటికీ ప్రేమగా తలచుకునేవారున్నారు. 1969లో అధికారం పట్టాడు, 1970లో శాస్త్రీయ సోషలిజం ప్రకటించాడు, 1972లో సోమాలీ భాషకు లిపి స్థిరపరిచాడు, 1974లో విద్యార్థులను అక్షరాస్యత కోసం పల్లెలకు పంపాడు. ఇవి మంచి పనులే. వంశాభిమానానికి గడ్డిబొమ్మ చేయించి ఊరేగించి తగలబెట్టించాడు. ఒకరినొకరు "అన్నదమ్ముడా" అని వంశపు వరసతో పిలవరాదు, "జాలె" అంటే కామ్రేడ్ అని పిలవాలన్నాడు. బొమ్మ కాలింది. అధికారం మాత్రం ముగ్గురి చుట్టూ తిరిగింది: తన తండ్రి వంశం మరేహాన్, తల్లి వంశం ఒగాడెన్, అల్లుళ్ళలో ఒకడి వంశం దుల్బహంతె. ఆ పేర్ల మొదటి అక్షరాలు కలిపి జనం గుసగుసగా ఆ ప్రభుత్వాన్ని "మాడ్" అని పిలిచేవారు. 1975 చట్టం భూమినంతా ప్రభుత్వపరం చేసింది. వినడానికి ఎంత సోషలిజం! జుబ్బా లోయలో దాని ఫలితం ఏమిటంటే, తరతరాలుగా దున్నుతున్నవాడికి కాగితం లేదు. రాజధానిలోని అధికారి, సైన్యంలోని కర్నలు కచేరీకి పోయి ఆ పొలాన్నే తన పేర రాయించుకున్నాడు. బొమ్మను తగలబెట్టి పునాదిని పదిలపరిచే సోషలిజం ఇది. ప్రజల చేతిలో లేని రాజ్యం వంశాన్ని చట్టంతో నిషేధించగలదు, రహస్యంగా పెంచగలదు; రద్దుచేయలేదు.

ఎందుకు రద్దుచేయలేదు? వంశం ఉత్త భ్రమ కాదు గనక. సోమాలీ ఆచారంలో "మగ్" అని ఒకటి ఉంది. ఒక మనిషిని చంపితే చంపినవాడి బంధువర్గమంతా కలిసి పరిహారం చెల్లించాలి. పాత లెక్కలో మగవాడికి నూరు ఒంటెలు, ఆడమనిషికి యాభై. పోలీసు లేనిచోట, కోర్టు లేనిచోట, నిన్ను చంపితే నూరు ఒంటెలు కట్టవలసి వస్తుందన్న భయమే నీ ప్రాణానికి బీమా. 1991లో రాజ్యం కూలిపోయినప్పుడు జనం తాతల పేర్లలోకి పరుగెత్తింది మూర్ఖత్వం చేత కాదు, మరొక చూరు లేక. ఆ పేరు కూడా రాయి మీద చెక్కినది కాదు. బలహీనులు బలమైన వంశాన్ని ఆశ్రయించి దాని పేరును తమదిగా చెప్పుకునే పద్ధతి ఉంది. అట్లా చేరినవారిని "షీగద్" అంటారు. తాతనే మార్చుకోగలిగితే అది రక్తమా, రక్షణ ఒప్పందమా? ప్రజలకు అది చూరు. నాయకుడికి అదే చూరు పెట్టుబడి. ఈ రెంటినీ వేరుచేసి చూడలేని విమర్శ విమర్శ కాదు.

ఇప్పుడు నిచ్చెన సంగతి. ఇంతవరకూ చెప్పిన కథలో ఇద్దరు కనబడలేదు. ఆ ఊరి తీరంలో మొదటినుంచీ వలవేసిన బజూనీ ఒకడు; నది ఒడ్డున మొక్కజొన్న పండించిన బానిస సంతతి రైతు రెండవవాడు. ఈ రైతులను "జరీర్" అంటారు, గట్టి జుట్టువాళ్ళని అర్థం. 1991, 1992 సంవత్సరాలలో జుబ్బా లోయలోకి వచ్చిన ప్రతి సేనా వీరి గాదెలు దోచింది. ఒక సేన వదిలింది వెనక వచ్చిన సేన దోచింది. వీరికి మగ్ చెల్లించే బలమైన బంధువర్గం లేదు గనక వీరిని చంపడం చవక. వేలాదిమంది కాలినడకన కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరాలకు పోయారు. బజూనీలు పడవలెక్కి తీరం వెంట దక్షిణానికి పోయారు. కిస్మాయో ఎవరిదన్న వాదంలో వీరి పేరు ఏ సేనాని ఎత్తడు, ఏ పత్రికా ఎత్తదు. తెగల పోరు అనే మాట చేసే అసలు అన్యాయం ఇదే: పోరాడేవారిని మాత్రమే చూపించి, దోపిడికి గురైనవారిని రంగం మీద నుంచి తప్పిస్తుంది.

ఈ తప్పు పత్రికతో ఆగలేదు, రాజ్యాంగ వ్యవహారం అయింది. 2000లో జిబూతీలోని ఆర్తాలో జరిగిన సమావేశం నుంచి పదవుల పంపకానికి "నాలుగున్నర" సూత్రం నడిచింది. నాలుగు పెద్ద వంశ కూటములకు తలా ఒక వాటా. మిగిలినవారందరికీ, జరీర్‌తో, బజూనీతో సహా, కలిపి అర వాటా. తెగల పోరు అని నమ్మినవారు కట్టిన శాంతి ఇది. శాంతి పేర మనిషిని సగానికి కోశారు. పైపెచ్చు, పదవి కావాలంటే వంశం పేరు చెప్పి తీరాలని చేసి, ఆరిపోవలసిన నిప్పుకు నెయ్యి పోశారు.

ఆ శాంతి కిస్మాయోకు ఏం ఇచ్చింది? 2013 మే నెలలో సుమారు 500 మంది ప్రతినిధుల సభ మదోబేను జుబాలాండ్ అధ్యక్షుడుగా ఎన్నుకొన్నది. అదే రోజు బర్రే హిరాలే తానే అధ్యక్షుడినని ప్రకటించుకున్నాడు. జూన్‌లో వీధులలో కాల్పులు. ఆగస్టులో అడిస్ అబాబాలో కుదిరిన ఒప్పందంలో రేవును, విమానాశ్రయాన్ని కేంద్ర ప్రభుత్వానికి అప్పగించాలన్న షరతు ముఖ్యమైనది. చూడండి, సంతకాలు పెట్టేటప్పుడు ఎవరికీ తాతలు గుర్తురారు, రేవే గుర్తుకొస్తుంది. అప్పగింత జరగలేదు. 2019లో మళ్ళీ మదోబే, 2024 నవంబరులో మూడవసారి మదోబే. కేంద్రం ఒప్పుకోలేదు, ఆ డిసెంబరులో రాస్ కంబోని దగ్గర కేంద్ర సేనలూ జుబాలాండ్ సేనలూ తలపడ్డాయి.

మనకు ఈ గొడవతో సంబంధమేమిటని అడగవచ్చు. ఐక్యరాజ్యసమితి పటాలాలలో భాగంగా 1993, 1994 సంవత్సరాలలో భారత సైనికులు సోమాలియాలో ఉన్నారు. 1994 డిసెంబరులో మన నౌకలు వారిని ఎక్కించుకున్నది ఈ కిస్మాయో రేవులోనే. మన ప్రభుత్వం మన పేరున అక్కడికి పోయి వచ్చింది. ఆ పట్టణంలో ఎవరి సుంకం ఎవరు కాజేస్తున్నారో అడిగే హక్కు మనకు లేదా?

సాహిత్య విద్యార్థులకు మరొక సంబంధం ఉంది. సోమాలీ పద్యానికి మన యతిని తలపించే నియమం ఉంది. మొదలుపెట్టిన అక్షరంతోనే కావ్యం చివరిదాకా ప్రతి పాదంలో మైత్రి కుదరాలి. 1979లో గారియే అనే కవి డకారంతో "డేలే" అనే కవితా పరంపరను ప్రారంభించాడు. వంశాభిమానాన్ని, దాన్ని చాటుగా పెంచే నియంతనూ కలిపి నిలదీశాడు. పదుల సంఖ్యలో కవులు అదే అక్షరం పట్టుకుని జవాబులు చెప్పారు. టేపుల మీద ఆ పద్యాలు దేశమంతా తిరిగాయి. అయిదేళ్ళు బర్రే చెరలో ఉండి 1978లో విడుదలైన హద్రావి వారిలో ఒకడు. వారు వేరువేరు వంశాలవారు. ఆ పద్యాలు యుద్ధాన్ని ఆపలేదు. నిజమే. కాని తగలబెట్టవలసింది గడ్డిబొమ్మను కాదని, ఆ బొమ్మ చాటున కూర్చున్నవాడి ముఖం చూపించాలని సోమాలీ కవికి 1979లోనే తెలుసు. మన సంపాదకులకు ఇంకా తెలియలేదు.

కనుక మిత్రులారా, ఈసారి "తెగల పోరు" అన్న శీర్షిక కనబడితే మూడు ప్రశ్నలు అడగండి. రేవు సుంకం ఎవరి పెట్టెలో పడుతున్నది? భూమి పట్టా ఎవరి పేర ఉన్నది? సేనాపతుల జాబితాలో లేనివారు ఎక్కడికి పోయారు? ఈ మూడింటికీ జవాబు దొరికిన తరువాత కూడా తాతల పేర్లు కావాలంటే తప్పక నేర్చుకోండి. జవాబు దొరకకముందే ఆ పేర్లు వల్లించేవాడు చరిత్ర చెప్పడం లేదు. సుంకం పెట్టెకు కాపలా కాస్తున్నాడు.